చేతి క్లచ్ కారులో త్ర్యంబకానికి

ధవళేశ్వరం బ్యారేజీ దాటి, విజ్జేశ్వరం మీదుగా నిడదవోలు వస్తుంటే, కాలవ గట్టు రోడ్డు మీద మా ఆయన ఒక సైకిలతన్ని గుద్దబోయారు. గడ్డిమోపు కట్టుకుని ఎడమ పక్కన తన దారిన తను పోతున్న మనిషి. నేను "ఏవండీ" అంటూ స్టీరింగ్ మీద చెయ్యి వేసి లాగితే కారు కుడికి జరిగింది. మోపు అద్దానికి రాసుకుని కాస్త గడ్డి నా ఒళ్లో పడింది. అతను కాలు నేలకి ఆనించి నిలబడి మా వైపు చూశాడు. మోపు సర్దుకుని మళ్లీ తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. మా ఆయన కారు పక్కకు ఆపి, "ఎక్కణ్ణుంచి వచ్చాడు?" అని అడిగారు. ఆ మనిషి చాలాసేపటి నుంచి మా ముందే ఉన్నాడు.

మర్నాడు రాజమండ్రిలో కళ్ల డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్లాం. కంట్లో ప్రెషర్ ఎప్పటినుంచో ఎక్కువగా ఉందని, చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వస్తోందని చెప్పారాయన. మధ్యలో చూపు బాగానే ఉంది. పేపరు చదవగలరు, దూరంగా ఉన్న బోర్డు చదవగలరు, పక్కనున్న మనిషి మాత్రం కనపడడు. గొట్టంలోంచి చూసినట్టన్నమాట. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదాన్ని నిలబెట్టుకోవడానికి చుక్కలు వేసుకోవాలి. "డ్రైవింగ్ మాత్రం వద్దండి" అన్నారు డాక్టరు. మా ఆయన తల ఊపారు. ఇంటికి వచ్చి కారు తాళం చెవి గోడ మేకుకి తగిలించి, ఆ సంగతి ఇంక మాట్లాడలేదు.

ఆయన ముప్ఫై మూడేళ్లు నీటిపారుదల శాఖలో పనిచేశారు. ఎక్కువ కాలం ధవళేశ్వరంలోనే. గోదావరి నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం, కాలవలకి ఎంత వదిలారో లెక్క కట్టడం ఆయన పని. ఆ కారు, మీగడ రంగు అంబాసిడర్, ఒకప్పుడు ఏదో ఆఫీసు వేలంలో కొన్నారు. నా సంగతి చెప్పాలంటే, నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మూడో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. కాలికి ఇనప పట్టీ, చేతిలో కర్ర. పాతికేళ్లుగా ఆ కారులో ఎడమ పక్క సీటు నాది. కుడి పక్క ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నాలుగు నెలలు కారు షెడ్డులోనే ఉంది. మా ఆయన పొద్దున్నే లేచి దాన్ని తుడిచేవారు. కదలని కారుని రోజూ తుడవడం ఏంటో అని లోపలినుంచి చూస్తూ ఉండేదాన్ని. తర్వాత కారు కొనడానికి తణుకు నుంచి ఒక వ్యాపారి వచ్చారు. పెళ్లిళ్లకి పాత కార్లు అలంకరించి పంపుతారట. మా ఆయన ఆయనకి బానెట్ తీసి చూపిస్తున్నారు. నేను కాఫీ తీసుకొచ్చి, "ఇది అమ్మట్లేదండి" అన్నాను. ఎందుకు అన్నానో నాకే తెలియదు.

వ్యాపారి వెళ్లాక మా ఆయన అడిగారు. "అమ్మకుండా ఏం చేస్తాం?"

"నేను నేర్చుకుంటాను."

"నువ్వా? క్లచ్ ఎలా తొక్కుతావ్?"

"దాని సంగతి తెలిసినవాళ్లు ఎవరో ఉంటారుగా."

తెలిసిన మనిషి తణుకులోనే దొరికారు. అరవై దాటిన మేస్త్రీ. పాత కార్లు, పంపుసెట్లు, చెరకు లారీలు, ఏదొచ్చినా బాగుచేస్తారు. కాళ్లు బాగాలేనివాళ్ల కోసం తయారుగా దొరికే సామాన్లు కొత్త కార్లకే గాని ఇలాంటి పాతదానికి సరిపడవని చెప్పి, కాసేపు గడ్డం గోక్కున్నారు. తర్వాత మూల నుంచి ఒక పాత స్కూటర్ తోసుకొచ్చి నా ముందు నిలబెట్టారు.

"టీచర్‌గారూ, ఎడమ చేత్తో ఈ క్లచ్ నొక్కండి. నొక్కి అలాగే పట్టుకుని గేరు తిప్పండి."

నొక్కాను, తిప్పాను. యాభై ఏళ్లు కర్ర పట్టుకున్న చెయ్యి అది.

"సరిపోద్దండి" అన్నారు మేస్త్రీ.

మా అంబాసిడర్‌కి గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ఆ రాడ్డుకే స్కూటర్ క్లచ్ లాంటి లివరు బిగించారు. దాన్నుంచి ఒక కేబుల్ డాష్‌బోర్డు కిందుగా ఇంజన్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఇంజన్ గాలి పీల్చుకునే బలంతో పనిచేసే ఒక డబ్బా పెట్టారు. చేత్తో మెత్తగా నొక్కితే చాలు, బరువు పని ఆ డబ్బా చేసుకుంటుంది. ముందు సీటు తీసేసి విడివిడిగా రెండు సీట్లు వేస్తే నాకు సుఖంగా ఉంటుందని మేస్త్రీ అన్నారు గాని, మా ఆయన ఒప్పుకోలేదు. "ఆ సీటు మాత్రం ముట్టుకోకండి" అన్నారు. మొత్తం పనిలో ఆయన అన్న మాట అదొక్కటే. కింద పాత క్లచ్ పెడల్ తీసేస్తానంటే ఈసారి నేను వద్దన్నాను. ఎప్పుడైనా మామూలు డ్రైవరు నడపాల్సి రావచ్చు కదా.

ఆదివారాలు మా స్కూలు గ్రౌండులో నేర్చుకున్నాను. మా ఆయన పక్కన కూర్చుని నేర్పారు. ఓపిగ్గానే నేర్పారు గాని, ఆయన చెయ్యి మాటిమాటికీ స్టీరింగ్ వైపు లేచి, మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయేది. జిల్లాలు మారాక కాయితాలు ఎక్కడ ఇవ్వాలో కనుక్కోవడానికే రెండు వారాలు పట్టింది. డాక్టరు సర్టిఫికెట్టు, కారు తనిఖీ అన్నీ అయ్యాయి. లైసెన్సు పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టర్ వెనక్కి నడపమన్నారు, ఎత్తు మీద ఆపి మళ్లీ తీయమన్నారు. దిగేటప్పుడు, "మా అమ్మగారికి కూడా ఇలాగే కాలండి. ఆవిడకి ఇలాంటిదొకటి ఉంటుందని తెలీదు" అని మాత్రం అన్నారు.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని మా ఆయన అన్నారు. "ముప్ఫై మూడేళ్లు కిందకి పోయే నీళ్లు లెక్క రాశాను. అది ఎక్కడ పుడుతుందో చూళ్లేదు."

"నాసిక్ దగ్గర త్ర్యంబకం కదా. రైల్లో వెళ్లొద్దాం."

ఆయన షెడ్డు వైపు తిరిగి, "నువ్వు తోలతావా?" అన్నారు.

నేను రాజమండ్రి దాటి తోలిందే లేదు. తోలతానన్నాను. మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే అన్నీ చూసి, ఒక కొత్త కేబుల్ చుట్ట చుట్టి డిక్కీలో పెట్టారు. యాభై దాటించొద్దని, రోజుకి ఆరేడు గంటలకి మించి నడపొద్దని చెప్పారు.

కొవ్వూరు, జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా ఖమ్మం చేరాలని మొదటి రోజు లెక్క. బయల్దేరిన పావుగంట నుంచీ మా ఆయన చెప్పడం మొదలుపెట్టారు. లారీకి దూరంగా ఉండు. ఇక్కడ మూడో గేరు చాలు. హారను కొట్టు. ఇప్పుడు వెళ్లొచ్చు. ఆ చివరిదే ప్రమాదం. ఎదర ఖాళీగా కనపడగానే వెళ్లొచ్చనేవారు. పక్క సందులోంచి ఆటో వస్తున్నది ఆయనకి తెలియదు. సత్తుపల్లి దగ్గర అలా రెండోసారి జరిగాక కారు చెట్టు కింద ఆపేశాను.

"మీకు పక్కలు కనపడవండి. మీరు చెప్పినట్టు వెళ్తే ఇద్దరం పోతాం. కాసేపు మాట్లాడకండి."

అంతకు ముందు ఆయనకి చూపు తగ్గిందని నేను పైకి ఎప్పుడూ అనలేదు. ఆయన సరేనన్నట్టు తల తిప్పి అద్దంలోంచి ఎదరికి చూస్తూ కూర్చున్నారు. ఖమ్మం దాకా ఒక్క మాట లేదు. ఆ రోడ్డు అంత పొడుగు రోడ్డు నేనెరగను. రాత్రి లాడ్జిలో ఇడ్లీలు తింటూ కూడా చట్నీ కావాలా అని నేను అడగడం, వద్దని ఆయన అనడం, అంతే.

రెండో రోజు వరంగల్ దారిలో నాకే ఉండబట్టలేదు. "ఎడమ పక్క పత్తి చేలండి. ఇంకా ఏరుతున్నారు" అన్నాను.

ఆయన ఎదరికే చూస్తూ అడిగారు. "ఎంతమంది?"

తల తిప్పి చూశాను. "ఆరుగురు. అందులో ఒకావిడ పిల్లని వీపుకి కట్టుకుంది."

"చేలో ఇంకా ఎంత తెలుపుంది?"

"సగం పైనే ఏరేశారు."

ఆయన "ఊ" అన్నారు. అప్పటినుంచి అదే పద్ధతి అయిపోయింది. ఆయన ఎదర చూస్తారు, పక్కలు నేను చెప్తాను. ఊరికే కొండ ఉంది, చెరువు ఉంది అంటే ఆయనకి చాలదు. కొండ ఎంత ఎత్తు, చెరువు ఎన్నిపాళ్లు నిండింది, గేదెలు ఎన్ని. ఉద్యోగం అలవాటు. కరీంనగర్ చేరేసరికి నా గొంతు బొంగురుపోయింది, కాని మనసు తేలిగ్గా ఉంది. ఆయన కూడా ఒక పని మొదలుపెట్టారు. దూరంగా ఉన్న బోర్డులు నాకంటే ముందు ఆయనే చదివేవారు. ఆ గొట్టం చివర అక్షరాలు ఆయనకి స్పష్టంగా కనిపించేవి. "నిజామాబాద్ ఎడమకి" అని అర కిలోమీటరు ముందే చెప్పేవారు.

మూడో రోజు బాసర దగ్గర గోదావరి మళ్లీ తగిలింది. వంతెన దాటాక కారు ఆపి గట్టు దాకా నడిచాం. ఆయన భుజం మీద నా చెయ్యి, నా కర్ర ఆయన చేతిలో. మెట్టు వస్తే నేను చెప్పాలి, నేను తూలితే ఆయన ఆగాలి. నీళ్ల వైపు ఎంతోసేపు చూసి, "మన దగ్గరికి రావడానికి దీనికింకా చాలా పనుంది" అన్నారు. ఆ రాత్రి నాందేడ్‌లో ఉన్నాం.

నాలుగో రోజు మధ్యాహ్నం పర్భణీ దాటి జాల్నా వైపు వెళ్తున్నాం. మా తణుకు వైపులాగే అక్కడా చెరకు కోతలు నడుస్తున్నాయి. రెండేసి ట్రాలీలు తగిలించుకున్న ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించుకుని పోతున్నాయి. ఒక ట్రాక్టరు వెనక నెమ్మది చేసి గేరు తగ్గిద్దామని లివరు నొక్కాను. బలమేమీ తగలకుండా అది చేతిలోకి వచ్చేసింది. కారు రెండు కుదుపులు కుదిపి రోడ్డు పక్కన ఆగిపోయింది.

మా ఆయన దిగి బానెట్ ఎత్తి, చేత్తో తడుముతూ కేబుల్ వెంట వెళ్లారు. కళ్లకంటే ఆయన వేళ్లకి ఆ ఇంజన్ బాగా తెలుసు. "తెగింది" అన్నారు. డిక్కీలో కొత్త కేబుల్ ఉంది. కాని దాన్ని వెయ్యాలంటే ఎవరో ఒకరు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోవాలి, కారు కిందికి దూరాలి. నేను దూరలేను, ఆయనకి ఆ చీకట్లో కనపడదు.

వెనక వచ్చిన ట్రాక్టరతను ఆపాడు. మరాఠీలో అడిగాడు, నేను వచ్చీరాని హిందీలో చెప్పాను. గేరు రాడ్డు మీది లివరు చూసి, ఇంతకీ ఇది కారా స్కూటరా అన్నాడు. ఇరవై కిలోమీటర్ల అవతల ఊళ్లో గ్యారేజీ ఉందని, తాడు కట్టి లాక్కెళ్తానని అన్నాడు. చెరకు ట్రాలీల వెనక, తాడు చివర వేలాడుతూ వెళ్లడం నా వల్ల కాదనిపించింది. వద్దని దండం పెట్టాను. అతను వెళ్లిపోయాడు. పొద్దు వాలుతోంది.

మా ఆయన తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. తన చోట కూర్చోకుండా సీటు మీద జరుగుతూ జరుగుతూ నా పక్కకి వచ్చేశారు.

"పెడల్ ఉందిగా. నేను తొక్కుతాను."

"మీరా?"

"కాలికి చూపక్కర్లేదుగా. ఎప్పుడు తొక్కాలో నువ్వు చెప్పు."

నా ఎడమ కాలిని ఇనప పట్టీతో సహా రెండు చేతులతో ఎత్తి, జాగ్రత్తగా వెనక్కి, సీటు వారకి జరిపారు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ కాలి గురించి మేం ఎక్కువ మాట్లాడుకున్నది లేదు. తర్వాత తన కుడి కాలు నా వైపుకి చాచి పెడల్ మీద పెట్టారు. ఎడమ కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాలు డాష్‌బోర్డుకి ఆనించారు. నేను తాళం తిప్పాను.

"తొక్కండి."

తొక్కారు. ఒకటో గేరు వేశాను.

"వదలండి."

టక్కున వదిలేశారు. కారు ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఇద్దరి తలలూ ముందుకి వెళ్లి వచ్చాయి. మూడోసారి ఆయన చెప్పులు విప్పేసి ఉత్త పాదం పెట్టారు. "నువ్వు యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి ఉంచు. నేను వదులుతా" అన్నారు. కారు మెత్తగా కదిలింది.

"తొక్కండి. రెండు. వదలండి."

"తొక్కండి. మూడు. వదలండి."

నాలుగైదు కిలోమీటర్లు అలా చెప్పుకుంటూ వెళ్లాం. ఆ తర్వాత నేను చెప్పక ముందే ఆయన పాదం కదలడం మొదలైంది. ఇంజన్ శబ్దం విని తెలుసుకుంటున్నారు. నా చెయ్యి రాడ్డు మీదికి వెళ్లేసరికి పెడల్ కిందికి వెళ్లి ఉండేది. ఒకచోట ఎద్దులబండి అడ్డొచ్చింది. "ఎద్దులు" అన్నాను. నేను బ్రేకు వేసే లోపల ఆయన క్లచ్ తొక్కేశారు, కారు కుదుపు లేకుండా నిలబడింది. బండి దాటాక ఏ గేరని అడక్కుండానే ఒకటోదానికి సిద్ధంగా ఉన్నారు. పక్కకి చూస్తే ఆయన ముఖం నా భుజానికి జానెడు దూరంలో ఉంది. చెమట పట్టి, నవ్వుతూ ఉన్నారు. ఏడాదిగా ఆ నవ్వు చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎంతలో పోతున్నాం?" అన్నారు.

"నలభై."

"యాభై లాగుదాం."

దీపాలు పెట్టే వేళకి ఊరు చేరాం. గ్యారేజీ అతను కారు కిందికి దూరి అరగంటలో కొత్త కేబుల్ వేసేశాడు. లివరు నొక్కి చూశాను. మళ్లీ బలం తగిలింది. లాడ్జి వైపు బయల్దేరితే మా ఆయన ఇంకా సీటు మధ్యలోనే ఉన్నారు.

"బాగైపోయిందిగా. అటు జరిగి సుఖంగా కూర్చోండి."

"జరుగుతాలే" అన్నారు గాని జరగలేదు.

మర్నాడు కిటికీ పక్కనే కూర్చున్నారు. ఔరంగాబాద్ దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా వచ్చినప్పుడు నేనే అన్నాను. "చెయ్యి లాగేస్తోందండి. కాసేపు మీరు తొక్కండి." చెయ్యి కొంచెం లాగుతున్నమాట నిజమే. ఆయన చెప్పులు విప్పి జరిగారు. అక్కణ్ణుంచి నాసిక్ దాకా మధ్యమధ్య గంటో రెండు గంటలో అలాగే నడిపాం. తిరుగు ప్రయాణంలో కూడా.

ఆరో రోజు పొద్దున త్ర్యంబకం చేరాం. నది పుట్టేచోటు కొండ మీద. వందల మెట్లు. డోలీవాళ్లు చుట్టూ మూగారు. మా ఆయన మెట్ల మొదట్లో నిలబడి తలెత్తి చాలాసేపు చూసి, "వద్దులే" అన్నారు. నాకు బాధేసింది. డోలీ మాట్లాడదామని అన్నాను. "ఒకళ్ల భుజాల మీద ఎక్కి చూడాల్సినంత లేదు. కిందకి ఎలాగూ వస్తుందిగా" అన్నారు.

ఊళ్లో కుశావర్తం కోనేరు దగ్గరికి వెళ్లాం. కొండ మీద పుట్టిన నీళ్లు అక్కడ బయటపడతాయంటారు. జనం మునుగుతున్నారు. నీళ్లు అంత తేటగా లేవు. ఆయన చివరి మెట్టు మీద కూర్చుని మణికట్టు దాకా చెయ్యి ముంచారు. పక్కనున్న పూజారిని లోతెంతని హిందీలో అడిగారు. తెలియదన్నాడు. వానాకాలంలో ఎంత పెరుగుతుందని అడిగారు. అదీ తెలియదన్నాడు.

"ఎవరూ రాసిపెట్టరా?" అని నా వైపు తిరిగారు. ముప్ఫై మూడేళ్లు రాసిన మనిషికి అది వింతగానే ఉంది. చెయ్యి తుడుచుకుంటూ, "ఇంతే. మన దగ్గర దీన్ని దాటడానికి బస్సుకే పావుగంట పడుతుంది" అన్నారు. నిరాశ పడ్డట్టు లేదు. గుడి బయట వేడిగా పోహా, అదే మన అటుకుల ఉప్మా, తిని, రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

ఇంటికొచ్చి ఏడాది దాటింది. ఆయన చూపు ఇంకొంచెం సన్నబడింది. చుక్కలు మారాయి. నెలకోసారి రాజమండ్రి నేనే తీసుకెళ్తున్నాను. కాలవ గట్టు రోడ్డు మీద సైకిళ్లు, గడ్డిమోపులు, బళ్లు, ఎన్ని ఉన్నాయో చెప్పుకుంటూ వెళ్తాను.

మొన్న ధవళేశ్వరం నుంచి ఆయనతో పనిచేసిన స్నేహితుడు వచ్చారు. మా ఆయన ఆయనకి ప్రయాణం మొత్తం చెప్పారు. వరంగల్ దారిలో పత్తి ఏరుతున్న ఆరుగురి గురించి, పిల్లని వీపుకి కట్టుకున్న ఆవిడ గురించి, తను చూసినట్టే చెప్పారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతూ వింటున్నాను. సరిదిద్దాలనిపించలేదు. ఆ చూపులో సగం నాది, సగం ఆయనది. ఏది ఎవరిదో ఇప్పుడు నాకూ సరిగ్గా తెలియదు.

"త్ర్యంబకంలో కొండ మీద, మెట్లు మలుపు తిరిగే చోట, ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని చెప్పులో రాయి దులుపుకుంటోంది" అంటున్నారు.

అది నేను చెప్పలేదు. నాకు అక్కడ ఎర్రచీర కనపడలేదు. మెట్ల మొదట్లో ఆయన తలెత్తి అంతసేపు చూసింది గుర్తొచ్చింది. కాఫీ గ్లాసులు తెచ్చి వాళ్ల ముందు పెట్టి, "ఏ మలుపు దగ్గరండి?" అని అడిగాను.

"రెండోది" అన్నారు ఆయన, గ్లాసు కోసం చెయ్యి చాపుతూ.